దుప్పట్ల గదిలో రెండు గంటలు

ఆసుపత్రిలో నన్ను అందరూ దుప్పటమ్మ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. నా కోపం ముక్కు మీదే ఉంటుంది, నోరు దానికన్నా ఓ అడుగు ముందుంటుంది. ఇరవై ఆరేళ్ళుగా సెల్లార్‌లోని దుప్పట్ల గది నా చేతికిందే నడుస్తోంది. మురికి దుప్పట్లు ట్రాలీల్లో దిగుతాయి, ఉతికి ఆరబెట్టి మడతపెట్టినవి అవే ట్రాలీల్లో ఎక్కుతాయి. ఒక్క దిండు గలీబు తక్కువొచ్చినా ఆ వార్డు వాళ్ళు నాకు సంజాయిషీ చెప్పుకోవాలి. పెద్ద డాక్టరుగారు కూడా ఒకసారి చెప్పుకున్నారు.

దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలు పట్టుకుని బిగువుగా లాగాలి, ఒకసారి దులపాలి, తర్వాత ఒకరి దగ్గరికి ఒకరు నడిచి వెళ్ళి కొసలు అందించాలి. వంగి మడత అంచు అందుకుని మళ్ళీ వెనక్కి నడవాలి. రోజుకి నాలుగైదు వందల దుప్పట్లంటే, ఎదుటి మనిషి మొహం నాలుగైదు వందల సార్లు మన మొహం దగ్గరికి వస్తుందన్నమాట. మా ఆయన పోయాక నాకు అది వల్లకాలేదు. దగ్గరికొచ్చిన ప్రతి మొహం నా కళ్ళకింద నలుపు చూసి, రాత్రి నిద్రపోయావా అని అడిగేది. అందుకని గోడకి రెండు మేకులు కొట్టించుకున్నాను. రెండు కొసలు మేకులకి తగిలించి, మిగతా రెండూ నేను పట్టుకుని ఒక్కదాన్నే మడతపెట్టుకునేదాన్ని. గోడ ఏమీ అడగదు కదా.

నిజానికి ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సి వస్తుందనే నా భయం. ఆయన పోయాక పద్నాలుగు నెలలపాటు నేను మంచం మీద నడుం వాల్చలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, తెల్లవారుజామున మెడ వాలిపోతే ఓ గంట, గంటన్నర కునుకు తీసేదాన్ని. అది కూడా నాకు ఎక్కువే అనుకునేదాన్ని. ఎందుకో చెబుతాను. ఇంతకుముందు ఒక్కరికే చెప్పాను.

మా ఆయన పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పనివాడు. నెమ్మది మనిషి. నేను నాలుగు మాటలు విసిరేలోపు ఆయన ఒక మాట వెతుక్కునేవాడు, అది దొరికేసరికి నా కోపం చల్లారిపోయేది. పిల్లల్లేని ఇల్లు మాది, ఆయనకి నేను, నాకు ఆయన. ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. ఎనిమిది నెలలు మంచాన పడ్డాడు. పగలు ఉద్యోగం, రాత్రి ఆయన పక్కన కాపలా. పడుకుంటే ఊపిరాడదని ఆయన కూర్చునే ఉండేవాడు, వెనక దిండు జారకుండా నేనూ కూర్చునే ఉండేదాన్ని. చివరి మూడు వారాలూ మా ఆసుపత్రిలోనే, మూడో అంతస్తులో ఉంచాం.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి, నువ్వెళ్ళి నీ పని చూసుకునిరా అని ఆయనే పంపాడు. కిందికి వచ్చాను. డ్రైయర్‌లోంచి తీసిన దుప్పట్లు వేడిగా ఉండగానే దొంతర పెట్టకూడదని మా దగ్గర నియమం. చెమ్మ లోపలే ఉండిపోయి పసుపు మరకలు పడతాయి. ఎవరో మహానుభావులు ఆ పనే చేసి భోజనానికి వెళ్ళిపోయారు. ఎంత మంది చెవులు మెలెయ్యాలా అనుకుంటూ, ఇంకా వేడిగా ఉందో లేదో చూద్దామని ఆ దొంతర మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. తల పెట్టాలనిపించింది.

పది నిమిషాలే అనుకున్నాను. తలుపు గడియ పెట్టాను. ఫోను రిసీవర్ తీసి పక్కన పెట్టాను. అంతటితో ఊరుకోలేదు, ప్రార్థన కూడా చేశాను. "ప్రభువా, పది నిమిషాలు ఎవరూ నన్ను పిలవకుండా చూడు" అని.

లేచేసరికి రెండూ నలభై. రిసీవర్ దాని చోట పెట్టగానే ఫోను మోగింది. ఆయన పోయి యాభై నిమిషాలైందని మూడో అంతస్తు నర్సు చెప్పింది.

ఫోను పనిచెయ్యలేదని అందరికీ చెప్పాను. ఎందుకలా అన్నానో తెలియదు, నోరు దానంతటదే అనేసింది. పాపం, ఆయనకి చివరి చూపు దక్కకపోవడానికి ఒక పాడు ఫోను కారణమైందని సమాధి దగ్గర పాస్టరుగారు కూడా అన్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆ అబద్ధం ఒక్కటే అయితే ఎలాగో మోసేదాన్ని. దేవుడు నా ప్రార్థన విన్నాడు చూశారా, అదీ నా బాధ. ఎవరూ పిలవకుండా చూడమన్నాను, చూశాడు. అప్పట్నించీ దేవుణ్ణి ఏది అడగాలన్నా నాకు భయం పట్టుకుంది.

అడగడం మానేశానేగానీ పని మానలేదు. ఆదివారం అందరికన్నా ముందు నేనే గుడి తాళం తీసేదాన్ని. ఊడ్చడం, బెంచీలు తుడవడం, బల్ల మీద గుడ్డ ఉతికి గంజిపెట్టి ఇస్త్రీ చెయ్యడం, ఎవరికి జ్వరమొస్తే వాళ్ళింటికి భోజనం మోసుకెళ్ళడం, అన్నీ నావే. అందరూ ఎంత సేవ, ఎంత సేవ అనేవారు. కూర్చున్న దగ్గర మాత్రం కాలు నిలిచేది కాదు. ప్రార్థన మొదలుకాగానే వెనక గదిలో ఏదో పని గుర్తొచ్చేది. చివర్లో వచ్చి ఆమెన్ మాత్రం గట్టిగా అనేదాన్ని.

మా పాస్టరమ్మగారికి మోకాళ్ళు అరిగిపోయాయి. మెట్లెక్కడం అంటే ఆవిడకి తల ప్రాణం తోకకొస్తుంది. అలాంటిది ఒక శనివారం మా రెండో అంతస్తు ఇంటికి, మలుపు మలుపుకీ ఓసారి మెట్ల మీద కూర్చుంటూ ఎక్కొచ్చింది. వచ్చి, తలుపు దగ్గరే నిలబడి ఇల్లంతా ఓసారి కలియజూసింది. కిటికీ పక్క కుర్చీ, దాని మీద నలిగిన శాలువా. మంచం మీద ఈ చివర్నించి ఆ చివరిదాకా ఇస్త్రీ బట్టల గుట్టలు. ఆవిడ కూర్చునే చోటు అడిగితే వంటింట్లోంచి ముక్కాలిపీట తెచ్చాను, ఎందుకంటే కుర్చీ ఇవ్వాలనిపించలేదు.

ఎక్కడ పడుకుంటున్నావని అడిగింది. నేను ఒంటికాలి మీద లేచాను. నా ఇల్లు, నా మంచం, ఎవరికి జవాబు చెప్పాలి అని మొదలుపెట్టి, ఆగలేక మొత్తం చెప్పేశాను. గడియ, రిసీవర్, ప్రార్థన, అబద్ధం. చెబుతున్నంతసేపూ గిన్నెలు తోముతూనే ఉన్నాను. తోమినవే మళ్ళీ తోముతున్నానని తర్వాత చూసుకున్నాను.

ఆవిడ లేచొచ్చి కొళాయి కట్టేసింది. తర్వాత, దేవుడు నిన్నెప్పుడో క్షమించాడు చెల్లెమ్మా అంది.

"తెలుసమ్మా. నాకు కావల్సింది క్షమాపణ కాదు. నాకు ఆయన కావాలి. ఆ చివరి గంట కావాలి."

"అది నేనివ్వలేను" అంది ఆవిడ. "ప్రార్థన చేసి ఇప్పించలేను కూడా. కానీ ఈ నెలంతా నువ్వు గుడిలో చీపురు ముట్టుకుంటే మాత్రం ఊరుకోను. కూర్చుని తిను. కాళ్ళు కాస్త వేణ్ణీళ్ళలో పెట్టుకో. ఆ మంచం మీద బట్టలు తీసేసి పడుకో, నిద్ర రాకపోతే రాకపోనీ."

వేణ్ణీళ్ళ సంగతి దేవుడి వాక్యంలో ఎక్కడుందో చూపించమన్నాను. అలిసిపోయినవాళ్ళని ప్రభువు తన దగ్గరికి రమ్మన్నాడేగానీ, దారిలో ఇంకో రెండు గదులు ఊడ్చి రమ్మన్నట్టు తను ఎక్కడా చదవలేదంది. దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని కిందిదాకా దింపాను. దింపుతూ మెట్ల మీది దుమ్ము చూసుకుని, రేపు తుడవాలనుకున్నాను. నా బుద్ధి అంత తొందరగా మారేది కాదు.

ఆవిడ చెప్పినవి చేశాను, కానీ తిట్టుకుంటూ చేశాను. మొదటిరోజు బల్ల దగ్గర కూర్చుని తినేసరికి ఎదుటి కుర్చీ కనిపించింది. ఇన్నాళ్ళూ పొయ్యి దగ్గర నిలబడి నాలుగు ముద్దలు మింగేసింది ఇందుకేనని అప్పుడు అర్థమైంది. తినబుద్ధి కాలేదు. అయినా పళ్ళెం ఖాళీ అయ్యేదాకా లేవలేదు, మొండిదాన్ని కదా. వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకున్నప్పుడు ఏడుపొచ్చింది. పగిలిన మడమలు నావేనా అనిపించింది, అవి అలా ఎప్పుడయ్యాయో నేను చూసుకోనేలేదు. నీళ్ళు చల్లారేదాకా కూర్చుని, మడమలకి వాజిలీన్ రాసుకున్నాను. అదో పెద్ద పాపంలా, కిటికీ పరదా లాగి మరీ రాసుకున్నాను.

మంచమే గండం. బట్టలు తీసేసి, దులిపి, ఓ అంచున పడుకున్నాను. పరుపులో ఆయన వైపు ఇంకా గుంట ఉంది. చెయ్యి దానంతటదే అటు వెళ్ళింది. ఐదు నిమిషాలకి లేచి కుర్చీలోకి పోయాను. మర్నాడు పదినిమిషాలు పడుకోగలిగాను. ఊరికే పడుకోవడమంటే ఇంత కష్టమని నాకు తెలియదు. పనిలో ఉన్నంతసేపూ ఆయన ఇంట్లో ఉన్నట్టే ఉండేది, నేనే ఇంకా వెళ్ళలేదన్నట్టు ఉండేది. పడుకుంటే మాత్రం ఆయన లేడు. ఎటు తిరిగి పడుకున్నా లేడు. నిద్ర పట్టకపోయినా పడుకోమంది పాస్టరమ్మ. పడుకుంటే ఆయన లేడన్న మాట ఆవిడకెలా చెప్పను, ఆవిడ పక్కన ఆ వయసులో కూడా పాస్టరుగారున్నారు.

పదకొండో రోజు ఉదయం పనిలో ఉండగా, మేకులకి దుప్పటి తగిలించి రెండు చేతులూ పైకెత్తాను. అంతే. గోడ పక్కకి ఒరిగినట్టనిపించింది. ఒరిగింది నేనే.

కళ్ళు తెరిచేసరికి మూడో అంతస్తు వార్డులో మంచం మీద ఉన్నాను. చేతికి సెలైన్. బీపీ పడిపోయింది, ఒంట్లో నీళ్ళు లేవు, రేపటిదాకా కదలడానికి వీల్లేదని చిన్న డాక్టరు చెప్పింది. ఇరవై ఆరేళ్ళలో నా దుప్పటి మీద నేను పడుకోవడం అదే మొదటిసారి. మడత గీత అడ్డంగా వంకర పోయి ఉంది. రెండు మేకుల్లో ఒకటి కాస్త కిందికి కొట్టారు, నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు.

ఆయన ఉన్నది ఈ వార్డులోనే, అప్పుడిది మగవాళ్ళది. ఈ మంచం కాదు, కిటికీ వైపు నాలుగోది. ఇప్పుడక్కడ ఒక పెద్దావిడ పడుకుని ఉంది. అటు చూడకుండా గోడ వైపు తిరిగాను.

అప్పుడొచ్చింది మూడో అంతస్తు ఆయా. ఆవిడా నేనూ ఇరవై ఏళ్ళ స్నేహం. ఒకప్పుడు రోజూ ట్రాలీతో పాటు తనే దిగొచ్చి, వార్డు కబుర్లన్నీ నా ముందు ఒలకబోసి పోయేది. పద్నాలుగు నెలలుగా కిందికి రావడమే మానేసింది, ట్రాలీ ఇంకెవరిచేతో పంపిస్తోంది. గలీబుల లెక్క దగ్గర ఎప్పుడో గట్టిగా అరిచి ఉంటాను, అలిగి ఉంటుందిలే అనుకున్నాను. బతిమాలే ఓపిక నాకు లేకపోయింది.

వచ్చి కాళ్ళ దగ్గర నిలబడింది. ట్రేలో గ్లాసుడు పళ్ళరసం ఉంది. తాగమనలేదు. ఆ ట్రే అలాగే పట్టుకుని, "అక్కా, నువ్వు నన్ను కొట్టినా సరే, ఒకటి చెప్పాలి" అంది. "ఆ రోజు నేను కిందికొచ్చాను."

ఏ రోజని అడగలేదు నేను.

నర్సు ఫోను చేస్తే ఎంగేజ్ వస్తోందట. వెళ్ళి పిలుచుకురమ్మని దీన్ని పంపిందట. మా తలుపుకి అరచెయ్యంత అద్దం ఉంటుంది. అందులోంచి చూసిందట. దొంతర మీద తల పెట్టుకుని, నోరు తెరుచుకుని నేను. తలుపు కొట్టడానికి చెయ్యెత్తిందట.

"చెయ్యి రాలేదక్కా. నిన్ను ఊరికే ఉండగా నేనెప్పుడూ చూళ్ళేదు. బావగార్నే అడిగి, అప్పుడొచ్చి లేపుదామని పైకెళ్ళిపోయాను. నర్సమ్మకి తలుపు గడియ పెట్టుందని మాత్రం చెప్పాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. అడగడానికి నువ్వెవరివే అన్నాను. నా మొగుడు పోతుంటే తలుపు కొట్టాలా వద్దా అని ఆలోచించడానికి నువ్వెవరివి అన్నాను. సెలైన్ చెయ్యి లేపబోతే నొప్పి పుట్టింది. చుట్టుపక్కల మంచాల వాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆయా కదల్లేదు. తిట్లన్నీ పడి, నేను ఊపిరి తీసుకునేదాకా ఆగింది.

సమాధి దగ్గర ఫోను పాడైందన్న మాట విన్నాక నోరు కట్టేసినట్టయిందట దానికి. నోరు విప్పితే నలుగురిలో నా అబద్ధం బయటపడుతుంది, విప్పకపోతే ఆయన మాట దాని దగ్గరే ఉండిపోతుంది. అందుకే నా మొహం చూడలేక తప్పించుకు తిరిగిందట.

"ఆయన మాటేంటి?" అన్నాను.

ట్రే పక్కన పెట్టి, ముక్కు తుడుచుకుని చెప్పింది. ఆయనకి తెలివి ఉంది. ఊపిరి మాత్రం చిన్నచిన్నగా తీసుకుంటున్నాడు. ఏదీ అని అడిగాడట. నిద్రపోతోంది బావగారూ, లేపుకొస్తాను అందట ఇది.

"గురక పెడుతోందా అని అడిగారక్కా. అద్దంలోంచి గురకేం వినపడుద్ది? అయినా పెడుతోందనే చెప్పాను. నవ్వారు. అయితే నిజంగానే పడుకుంది, లేపకమ్మా అన్నారు. ఎనిమిది నెలల్నించీ దేవుణ్ణి ఇదే అడుగుతున్నాను, ఇవాళ ఇచ్చాడు అన్నారు. స్తోత్రం అన్నారు. ఇంకేం మాట్లాళ్ళేదు. నా చెయ్యి పట్టుకున్నారు, ఆఖరుదాకా."

నేను గురక పెడతాను. పెళ్ళైన కొత్తలో ఆ మాట ఆయన అంటే రెండ్రోజులు మాట్లాడలేదు, పక్కింటివాళ్ళు వింటారని ఆయన నెత్తిన దిండేసి కొట్టాను. ఎనిమిది నెలలు ఆయన నా గురక వినలేదు. దాన్ని వెతుక్కుంటున్నాడని నాకు తెలియనే తెలియదు. తన ఊపిరి కోసం అడుక్కోవాల్సిన మనిషి, నా నిద్ర అడుగుతూ కూర్చున్నాడు. నేను దిండు పట్టుకుని ఆయన వెనకాల, ఆయన నా కోసం దేవుడి ముందర. ఒక్కమాట నాతో చెప్పి ఉంటే ఏం పోయేది? చెబితే విని ఉండేదాన్నా? విని ఉండేదాన్ని కాదు. తిట్టేదాన్ని.

ఇంత ప్రేమ ఉన్నవాడు, నన్ను లేపమని ఎందుకు అనలేదని ఆయన మీద పిచ్చి కోపం వచ్చింది. ఆ నవ్వు నేను చూడాల్సింది. ఆ నవ్వు నాది. ఒక గలీబు పోతే ఆసుపత్రంతా వెతికించేదాన్ని, ఇది ఎవర్ని అడగను?

"ఏ చెయ్యి?" అన్నాను.

ఆయాకి అర్థం కాలేదు.

"ఆయన పట్టుకున్నది నీ ఏ చెయ్యే?"

కుడిచెయ్యి చాపింది. బ్లీచింగ్ నీళ్ళకి ఒరుసుకుపోయిన బరక చెయ్యి. సెలైన్ లేని చేత్తో దాన్ని పట్టుకున్నాను. పట్టుకుని ఏడ్చాను. ఇన్నాళ్ళూ వచ్చిన ఏడుపు ఎక్కడో గొంతులో తెగిపోయేది, ఇది తెగలేదు. అదీ నాతోపాటు ఏడ్చింది. డ్యూటీలో ఉండి ఏడుస్తావేంటే అని నేనే మళ్ళీ కసిరాను.

చెయ్యి మాత్రం వదల్లేదు. దానికీ పనులున్నాయి, ఎవరో పిలుస్తున్నారు, వస్తున్నా అంటూనే అక్కడే నిలబడింది. ఎప్పుడు వదిలానో నాకు తెలియదు.

మళ్ళీ కళ్ళు తెరిచేసరికి గోడ గడియారంలో నాలుగున్నర. ఆరు గంటలు పడుకున్నాను. సెలైన్ ఎప్పుడు తీసేశారో తెలియలేదు. బుగ్గ మీద దుప్పటి మడత అచ్చు పడింది. ఒళ్ళంతా వేణ్ణీళ్ళు పోసుకున్నట్టు హాయిగా ఉంది. ఆ హాయిలో ముందుగా తట్టింది ఒకటే, బాగా నిద్రపట్టిందని ఆయనకి చెప్పాలని. నోరు కూడా తెరిచాను, ఏమండీ అనబోయి.

కిటికీ వైపు చూశాను, ఈసారి తప్పించుకోకుండా. నాలుగో మంచం మీద పెద్దావిడ కూర్చుని ఏదో తింటోంది. ఆయన లేడు. ఇవాళే కాదు, రేపూ ఉండడు, ఇంటికెళ్ళినా ఉండడు. ఇంత మంచి కబురు మోసుకుని ఎక్కడికి పోవాలో తెలియక కాసేపు అలాగే పడుకున్నాను. తర్వాత తోచింది, ఇది ముందుగా తెలియాల్సింది ఆయన ఎవర్ని అడిగాడో వాళ్ళకే కదా అని.

కళ్ళు మూసుకున్నాను. పద్నాలుగు నెలల తర్వాత, ఏ పనీ చేతిలో లేకుండా దేవుడితో మాట్లాడాను.

"బాగా నిద్రపట్టింది ప్రభువా" అన్నాను. "మా ఆయనకి చెప్పు."